గ్రిఫిన్ లేక్ బడిలో తగ్గిన గురుత్వాకర్షణ

ఆ గురువారం ఉదయం ఎల్డన్ కివెలా వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండో పీరియడ్‌లో పదకొండో తరగతి పిల్లలు పద్నాలుగు మంది చేత బరువులు కింద పడేయించాలి. పడే వస్తువు వేగం ఎంత చొప్పున పెరుగుతోందో వాళ్ళ చేతే కొలిపించాలి. అందరికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదికి దగ్గరగా ఏదో ఒక అంకె రావాలి. ఆ అంకెను ప్రిన్సిపాల్ ఇవెట్ బ్రిస్‌బ్వా తన కళ్ళతో చూడాలి. ఆ తర్వాత స్టాఫ్ రూములో ఒక మూల కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చేపల సూపు వేడి చేసుకుని తాగాలి.

ఎల్డన్ నిజానికి జీవశాస్త్రం మాష్టారు. కప్ప గుండెలో ఎన్ని గదులున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పాత ఫిజిక్స్ మాష్టారు వేసవిలో రిటైరయ్యాక, ఆ పోస్టుకు ఒక్కరంటే ఒక్కరు కూడా దరఖాస్తు పెట్టలేదు. ఉత్తర ఓంటారియోలో, అతి దగ్గరి ట్రాఫిక్ లైటుకి గంటన్నర ప్రయాణం ఉన్న ఊరికి ఎవరొస్తారు? అప్పుడు ఇవెట్ అతన్ని పిలిచి, "సైన్సే కదా ఎల్డన్. రెండూ పక్కపక్క గదులే," అంది. ఆ మాటకు అతను జవాబు వెతుక్కునేలోగా టైంటేబుల్ అచ్చయిపోయింది.

ఆరు నెలలు ఎలాగో గడిచాయి. ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. పద్నాలుగు మంది కోసం ఫిజిక్స్ క్లాసు దేనికి, పట్నంలో మాష్టారు చెబుతుంటే వీళ్ళు ఇక్కడ తెర మీద చూస్తే చాలదా అని స్కూలు బోర్డు అడిగింది. ఇవెట్ శుక్రవారం లోపు జవాబు రాయాలి. "గురువారం నేనొచ్చి చూస్తా. తెర మీద కుదరనిది ఏదైనా చెయ్యండి. కదిలేది, చప్పుడు చేసేది," అని ఆమె చెప్పిపోయింది.

కింద పడే బరువు కదులుతుంది, చప్పుడూ చేస్తుంది. బీరువాలో ఏడు టేపు టైమర్లున్నాయి. వాటిని కరెంటుకు తగిలిస్తే తేనెటీగల్లా ఝుమ్మంటూ లోపలి సూది టకటకా కొట్టుకుంటుంది. బరువుకు ఒక కాగితపు టేపు అంటించి ఆ టైమర్‌లోంచి వదిలితే, పడుతున్న కొద్దీ టేపు మీద చుక్కలు పడతాయి. బరువు వేగం పెరిగేకొద్దీ చుక్కల మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాలు కొలిచి లెక్క కడితే త్వరణం వస్తుంది. ఎలా లెక్క కట్టాలో చెప్పే కాగితం కోసం ఎల్డన్ ఆదివారమంతా ఇంటర్నెట్‌లో వెతికాడు. చివరికి ఇంగ్లండులో ఏదో బడివాళ్ళు పెట్టిన ముచ్చటైన కాగితం దొరికింది. మెట్టు మెట్టుకీ అంకె వేసి, బొమ్మలు గీసి ఉంది. "టైమర్ సెకనుకు యాభై చుక్కలు పెడుతుంది" అన్న వాక్యం కింద అతను ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా గీశాడు, పిల్లలు మరిచిపోతారేమోనని.

తొమ్మిదిన్నరకు గదంతా ఝుమ్మంది. బరువులు ధన్ ధన్ మని పడ్డాయి. పది నిమిషాల తర్వాత మొదట చెయ్యి ఎత్తింది డారియా హ్నాటిక్. ఏ లెక్కయినా రెండుసార్లు చేసి మూడోసారి సరిచూసుకునే పిల్ల ఆమె.

"సార్, మాకు ఆరు పాయింట్ ఏడు వచ్చింది."

"రాపిడమ్మా. టేపు ఎక్కడో రాసుకుంటోంది. ఇంకోసారి చెయ్యండి."

"మూడుసార్లు చేశాం సార్. మూడుసార్లూ అంతే."

"మాకు ఆరు పాయింట్ ఆరు," అన్నాడు వెనక బల్ల నుంచి వేడ్. బడి బాస్కెట్‌బాల్ జట్టుకు అతనే కెప్టెన్. బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు బల్లకు తగిలేంత పొడుగు.

"మాకు ఆరు పాయింట్ ఎనిమిది," అంది ఇంకొక పిల్ల.

ఎల్డన్ ఒక టేపు తీసుకుని, కాగితంలో చెప్పినట్టే మెట్టు మెట్టుగా, బోర్డు మీద తనే లెక్క చేశాడు. ఆరు పాయింట్ ఏడు.

"రాపిడైతే ఒక బల్ల దగ్గర ఉంటుంది గానీ ఏడు బల్లల దగ్గరా ఒకే కొలతలో ఎలా ఉంటుంది సార్?" అని డారియా మర్యాదగానే అడిగింది.

"ఉండదు," అని ఒప్పుకున్నాడు ఎల్డన్. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ఇవెట్ లోపలికి వచ్చింది.

ఆమె గదిని చూసి సంతోషించింది. బరువులు పడుతున్నాయి. పిల్లలు నిద్రపోవడం లేదు. "బాగుంది. ఏం కనిపెట్టారు?" అని దగ్గర్లో ఉన్న డారియాను అడిగింది.

"గురుత్వాకర్షణ తక్కువుంది మేడమ్. తొమ్మిది పాయింట్ ఎనిమిది ఉండాలి. మనకి ఆరు పాయింట్ ఏడే ఉంది."

ఇవెట్ ఎల్డన్ వైపు తిరిగింది. పద్నాలుగు మంది పిల్లలూ తిరిగారు. "ఎక్కడో తప్పు చేశాను, ఎక్కడో తెలియడం లేదు" అని చెబితే సరిపోయేది. కానీ మర్నాడు బోర్డుకు వెళ్ళాల్సిన ఉత్తరం అతని కళ్ళ ముందు ఆడింది. రాత్రి పాఠ్యపుస్తకంలో చదివిన ఒక పేరా ఆదుకుంది.

"గురుత్వాకర్షణ అన్నిచోట్లా అచ్చంగా ఒకేలా ఉండదు మేడమ్," అన్నాడు గొంతు సవరించుకుని. "నేల అడుగున ఏముందో దాన్నిబట్టి మారుతుంది. బరువైన రాయి ఉంటే ఎక్కువ. ఖాళీ ఉంటే తక్కువ."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. వేరే ఏ ఊళ్ళో అన్నా ఆ మాటలు గంట కొట్టగానే గాల్లో కలిసిపోయేవి. కానీ గ్రిఫిన్ లేక్ వెండి గనుల ఊరు. నూట ఇరవై ఏళ్ళ కిందట వెండి దొరికిందని తెలియగానే, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఎవరికి తోచిన చోట వాళ్ళు తవ్వుకుపోయారు. మ్యాపులు గీసిన వాళ్ళు కొందరు, గీయని వాళ్ళు చాలామంది. నేల నమ్మకంగా లేదని పోస్టాఫీసును రెండుసార్లు మార్చారు. ఒకాయన పొద్దున్నే లేచి చూసుకునేసరికి గ్యారేజీ కారుతో సహా కిందికి దిగిపోయి ఉంది. ఆ ఊళ్ళో "అడుగున ఖాళీ" అన్నది సైన్సు మాట కాదు.

ఇవెట్ తన కాళ్ళ కింది గచ్చు వంక చూసింది. మెల్లగా ఒక అడుగు పక్కకు వేసి గోడ దగ్గర నిలబడింది.

"తక్కువంటే ఎంత తక్కువ?" అంది.

ఎల్డన్ నోరు తెరిచేలోగా డారియా చెప్పేసింది. "మూడో వంతు మేడమ్."

పీరియడ్ అయిపోగానే డారియా తాతకు ఫోన్ చేసింది. ఆయన పేరు ఓరెస్ట్ హ్నాటిక్. ముప్ఫై ఆరేళ్ళు గనిలో పనిచేసిన మనిషి. వయసు ఎనభైకి ఒక ఏడాది తక్కువ. నేల గురించి ఎవరేం మాట్లాడినా రాయి తట్టి చూసినట్టు విని, పనికొస్తుందో పనికిరాదో అక్కడికక్కడే చెప్పేవాడు.

"తాతా, మా బడి కింద ఏముంది?"

"ఏమీ లేదే."

"అదే మా సారూ అన్నాడు."

ఇరవై నిమిషాల్లో ఓరెస్ట్ ట్రక్కు బడి ముందు ఆగింది. ఆయన పాత గని టోపీ పెట్టుకునే వచ్చాడు. ఆఫీసులో ఇవెట్, ఎల్డన్, బడి కేర్‌టేకర్ బాసిల్ మెక్‌వే నిలబడి ఉన్నారు. ఎందుకో ముగ్గురూ గోడలకు ఆనుకుని ఉన్నారు. డారియా, వేడ్ గుమ్మంలో ఉన్నారు.

"ఏమయ్యా మాష్టారూ, మూడో వంతు పోయిందటగా?" అన్నాడు ఓరెస్ట్.

"కొలత అలా వచ్చిందండీ. అయితే అది రాపిడి కూడా కావచ్చు."

"రాపిడి కాదని మీరేగా అన్నారు సార్," అని గుర్తుచేసింది డారియా.

బాసిల్ గొంతు తగ్గించి, "జిమ్ తలుపు క్రిస్మస్ నుంచీ మూసుకోవడం లేదు. చలికి చెక్క బిగిసిందనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే నేలే వంగిందేమో," అన్నాడు.

"రెండో అంతస్తులో పెన్సిల్ పెడితే కిటికీ వైపు దొర్లుతుంది," అన్నది ఇవెట్ తనలో తను. ఆ పెన్సిల్ పదకొండేళ్ళుగా దొర్లుతూనే ఉంది.

వేడ్ ముఖం పాలిపోయింది. "మేడమ్, ఈ ఏడు మేం ఇక్కడ ఆడిన ఆటలన్నీ గెలిచాం. బయటి ఊళ్ళలో ఆడినవన్నీ ఓడిపోయాం."

"అయితే?"

"ఇక్కడైతే ఎక్కువ ఎత్తు ఎగురుతున్నామేమో మేడమ్. బరువు తక్కువగా."

ఎల్డన్‌కు తెలుసు, ఇప్పుడు గట్టిగా ఒక మాట అనాలి. కానీ ఏమని? తన లెక్కలో తప్పు లేదు. కాగితంలో చెప్పినట్టే చేశాడు. ఏడు బల్లలూ అదే చెప్పాయి. నిజంగానే తక్కువుందేమో అని అతనికే మొదటిసారి అనుమానం వచ్చింది. అతనూ గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

ఇవెట్ ఒక నిమిషం ఆలోచించింది. రెండు వందల పన్నెండు మంది పిల్లలు ఆమె బాధ్యతలో ఉన్నారు. వాళ్ళలో ఎవరికి చీజు పడదో, ఎవరికి రాత్రి దగ్గు వచ్చిందో కూడా ఆమెకు తెలుసు.

"బయటికి పంపిద్దాం. తప్పయితే నవ్వుతారు. నవ్వనీ," అంది.

బయట మైనస్ ఇరవై ఏడు డిగ్రీల చలి. పిల్లలు కోట్లు, టోపీలు వేసుకుని జంటలు జంటలుగా వరసల్లో నిలబడ్డారు. వెళ్ళాల్సింది వీధి చివరి కర్లింగ్ క్లబ్బుకు. మంచు మీద రాళ్ళు జార్చే ఆట కోసం కట్టిన పెద్ద షెడ్డు అది. ఊళ్ళో ఇంతమంది పట్టే చోటు అదొక్కటే. గుమ్మం దగ్గర నిలబడ్డ ఓరెస్ట్ ఒకే ఒక్క సలహా ఇచ్చాడు. "తేలిగ్గా నడవండర్రా. అదరకొట్టొద్దు." అంతే, రెండు వందల పన్నెండు మంది, లావుపాటి మంచు బూట్లలో, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళారు. చిన్న తరగతుల పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి వెళ్ళారు. దారిలో ట్రక్కులు ఆపి చూసినవాళ్ళు సంగతేమిటని అడిగారు. బడి కింద నేల పోయిందట, సైన్సు మాష్టారు కనిపెట్టాడట అని పిల్లలు గుసగుసగా చెప్పారు. పదకొండు గంటలకల్లా ఊరంతా తెలిసింది. ఇవెట్ బస్సు డ్రైవర్లకు కూడా ఫోన్ చేసి, మధ్యాహ్నం బడికి కాక క్లబ్బుకే రమ్మని చెప్పింది.

ఓరెస్ట్ ఇంకొక ఫోన్ చేశాడు. ఏదో కంపెనీ కోసం చుట్టుపక్కల నేలను పరీక్షిస్తున్న జోసెట్ నడ్జివాన్ అనే ఆవిడ నెల రోజులుగా ఊరి మోటెల్‌లో ఉంటోంది. సరస్సు అవతలి ఓజిబ్వే ఆదివాసుల ఊరి మనిషే. గురుత్వాకర్షణను కొలిచే అసలు సిసలు యంత్రం ఆమె దగ్గర ఉంది. "అమ్మాయ్, నీ డబ్బా తీసుకుని బడి దగ్గరకు రా. మూడో వంతు పోయింది," అని చెప్పాడు. ఆమె, "వస్తున్నా తాతా. మీరు మాత్రం కంగారు పడి ఏమీ తవ్వకండి," అంది.

అందరూ క్లబ్బుకు చేరాక బాసిల్ వచ్చి ఎల్డన్ భుజం తట్టాడు. "మాష్టారూ, మీ ల్యాబులో మిషన్లు ఇంకా ఝుమ్మంటూనే ఉన్నాయి. ఆపకుండా వచ్చేశారు."

ఎల్డన్ ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. ఖాళీ వరండాలో తనూ మునివేళ్ళ మీదే నడిచాడు. ఒక్కొక్క టైమర్ ప్లగ్గే పీకుతూ వచ్చాడు. ఏడోది పీకేటప్పుడు వైరు చిక్కుకుని టైమర్ బోర్లా పడింది. అడుగున చిన్న రేకు ముక్క అంటించి ఉంది. అందులో అచ్చు అక్షరాలతో రాసి ఉంది: కరెంటు ఎన్నిసార్లు ఊగితే సూది అన్నిసార్లు కొడుతుంది, ఇక్కడ సెకనుకు అరవై.

అతను ఆ రేకునే చూస్తూ నిలబడ్డాడు. ఇంగ్లండులో కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది, అందుకే వాళ్ళ కాగితంలో యాభై అని ఉంది. కెనడాలో అరవై. యాభై కింద తనే రెండు ఎర్ర గీతలు గీశాడు. కోటు జేబులోంచి కాలిక్యులేటర్ తీసి, యాభై చోట అరవై వేసి లెక్క కట్టాడు. తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. తక్కువైన ఆ పాయింట్ రెండే రాపిడి.

ఎల్డన్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మామూలుగా మడమలు ఆనించి నడుచుకుంటూ బయటికి వచ్చాడు.

క్లబ్బులో అడుగు పెట్టగానే ఎవరో ఒక తల్లి వచ్చి అతన్ని గట్టిగా కావలించుకుంది. "మా ఇద్దరు పిల్లలూ ఆ బడిలోనే మాష్టారూ. మీ మేలు మరిచిపోలేను," అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"అది కాదండీ, నేనొక మాట చెప్పాలి," అన్నాడు ఎల్డన్.

"ముందు సూపు తాగండి," అని ఇంకొకావిడ అతని చేతిలో టమాటో సూపు గిన్నె పెట్టింది. క్లబ్బు ఆడవాళ్ళు గంటలో రెండు వందల మందికి సూపు, చీజు రొట్టెలు తయారుచేశారు. ఓరెస్ట్ భార్య ఇంట్లో ఫ్రీజర్ ఖాళీ చేసి పెరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన కుడుములు, పట్టుకొచ్చింది. ఆమె ఎల్డన్ పళ్ళెంలో ఎనిమిది పెట్టి, చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో మూడు వేసింది.

అతను ఇవెట్ దగ్గరకు వెళ్ళాడు. "మేడమ్, ఆ కొలత విషయం..."

"రేడియో వాళ్ళు ఫోన్‌లో ఉన్నారు ఎల్డన్. మీ పేరు చెప్పాను. స్పెల్లింగ్ అడుగుతున్నారు," అని ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. అతను వెనక్కి తిరిగేలోగా ఎవరో అతని గిన్నె నింపారు.

ఓరెస్ట్ దగ్గరకు వెళ్ళాడు. ముసలాయన అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. "విషపు గాలి వస్తే ముందే తెలియాలని కొన్ని గనుల్లో పక్షిని పెట్టుకుంటారు, మేం పెట్టుకునేవాళ్ళం కాదు. పక్కవాడి చెవిని నమ్మేవాళ్ళం. కిందేదో చప్పుడైందిరా అని వాడంటే బయటికి పరిగెత్తేవాళ్ళం, తప్పయినా తిట్టేవాళ్ళం కాదు. నువ్వు అలాంటివాడివి. నీకు రుణపడ్డాం," అన్నాడు. ఎల్డన్ చెప్పడానికి నోరు తెరిచాడు. ఈలోగా ఎవరో వచ్చి అతని గిన్నెలో మళ్ళీ సూపు పోశారు.

మూడో గిన్నె అయ్యాక అతను లేచి, స్కోర్లు చదివే మైకు దగ్గరకు వెళ్ళాడు. మీట నొక్కితే కీచుమంది. షెడ్డంతా తల తిప్పింది. ఒక్కసారిగా చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు ఆగేదాకా అతను తల దించుకుని నిలబడ్డాడు.

"నేను తప్పు చేశాను," అన్నాడు. "గురుత్వాకర్షణ ఏమీ తగ్గలేదు. నేను వాడిన కాగితం వేరే దేశానిది. అక్కడ టైమర్ సెకనుకు యాభైసార్లు కొడుతుంది. మనది అరవైసార్లు కొడుతుంది. నేను అది చూసుకోలేదు. పొద్దున మేడమ్ అడిగినప్పుడు నాకు తెలీదని చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. పిల్లల్ని చలిలో నడిపించాను. మీ అందర్నీ భయపెట్టాను. క్షమించండి. పదకొండో తరగతి పిల్లల లెక్క మాత్రం తప్పు కాదు. వాళ్ళు నేను చెప్పినట్టే చేశారు."

వెనక నుంచి వేడ్ గొంతు మెల్లగా వచ్చింది. "అయితే మనం నిజంగానే బాగా ఆడుతున్నామన్నమాట."

ఎవరో నవ్వారు. ఇంకెవరో అందుకున్నారు. ఇవెట్ మాత్రం నవ్వలేదు. ఆమె మైకు దగ్గరకు వచ్చి దాన్ని ఆపేసి, "ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"గంటైంది మేడమ్."

"గంటసేపు ఏం చేస్తున్నారు?"

"చెబుదామని మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ సూపు పోశారు."

ఇవెట్ అతని చొక్కా మీద టమాటో మరకను కొంచెంసేపు చూసింది. అతనికి ఆ చూపు కన్నా తిట్టే తేలికగా ఉండేదనిపించింది. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుని, కనుబొమల మీద మంచు పట్టిన ఆవిడ లోపలికి వచ్చింది. జోసెట్ నడ్జివాన్. ఆమె రెండు గంటలుగా బడి దగ్గరే ఉందని అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు.

"ఆరు పాయింట్ ఏడు ఎవరిదండీ?" అంది చేతి తొడుగులు తీస్తూ.

షెడ్డంతా ఎల్డన్ వైపు చూసింది.

"మీరా? అంత తగ్గాలంటే మన కింద భూమిలో మూడో వంతు ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి మాష్టారూ. చైనాలో కూడా తెలిసిపోయేది." ఆమె సూపు గిన్నె అందుకుని రెండు గుక్కలు తాగింది. "బడి కింద రాయి గట్టిగా ఉంది. ఇంకో వెయ్యేళ్ళు ఉంటుంది. జిమ్ తలుపుకి కీలు వదులైంది, అంతే."

ఎల్డన్ తల ఇంకా కిందికి వాలింది.

"కానీ ఎలాగూ వచ్చాను కదా అని చుట్టూ కూడా ఒక వరస కొలిచాను," అంది జోసెట్. ఆమె గొంతు మారింది. "ముందు బస్సులు తిరిగే వలయం ఉంది చూశారా. దాని మధ్యకొచ్చేసరికి అంకె పడింది. ఎక్కువ కాదు, కోటి భాగాల్లో రెండు భాగాలు. కానీ ఊరికే పడదు. అక్కడ కింద ఏదో లేదు. అక్కడికి ఎవర్నీ వెళ్ళనివ్వకండి. ఇప్పటికే గనుల ప్రమాదాల శాఖకు ఫోన్ చేశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే శాఖ వాళ్ళు డ్రిల్లు బండితో వచ్చారు. తారు, కంకర, ఒక మీటరు గడ్డకట్టిన మట్టి. ఆ కింద చివికిపోయిన దుంగలు. దుంగల తర్వాత డ్రిల్లు అడ్డం లేకుండా ఒక్కసారిగా జారిపోయింది. ఏ మ్యాపులోనూ లేని గని బావి అది. ఎవరో ఎప్పుడో తవ్వి, వెండి దొరక్క, మీద దుంగలు పరిచి వెళ్ళిపోయారు. చలికి నేల బిగుసుకుని ఉండబట్టి ఈ చలికాలం ఆగింది.

"ఈ ఏడు మంచు కరిగాక ఆగేది కాదు," అంది జోసెట్ ఓరెస్ట్‌తో. "నిండు బస్సు బరువుకు అసలే ఆగేది కాదు."

పదకొండో తరగతి పద్నాలుగు మందీ శాఖ వాళ్ళు కట్టిన కంచె అవతల నిలబడి ఉన్నారు. జోసెట్ వాళ్ళను చూసి, "లోతెంతో తెలియాలి. నా దగ్గరున్న తాడు చాలదు. మీ ల్యాబులో బరువులున్నాయట కదా?" అంది. డారియా పరిగెత్తుకుంటూ వెళ్ళి ఒక ఇనుప గుండు, స్టాప్‌వాచ్ తెచ్చింది. శాఖ మనిషి పలక మీద బోర్లా పడుకుని గుండును రంధ్రంలోకి వదిలాడు. డారియా స్టాప్‌వాచ్ నొక్కింది. నీళ్ళ చప్పుడు వచ్చింది.

"రెండున్నర సెకన్లు," అంది డారియా.

"గురుత్వాకర్షణ ఎంత వెయ్యాలి సార్?" అని వేడ్ ముఖం అమాయకంగా పెట్టి అడిగాడు.

తొమ్మిది పాయింట్ ఎనిమిది అని తరగతంతా ఒక్క గొంతుతో చెప్పింది. ముప్ఫై మీటర్లు వచ్చింది. డారియా మళ్ళీ చేసింది. ముప్ఫై మీటర్లే. పది అంతస్తుల ఇల్లంత లోతు.

ఎల్డన్ కంచె దగ్గరే ఉండిపోయాడు. పసుపు కోటు వేసుకున్న డోరీన్ అనే బస్సు డ్రైవర్ అతని పక్కకు వచ్చి నిలబడింది. పందొమ్మిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు ఆ వలయంలో బస్సు తిప్పుతున్న మనిషి. తొడుగు తీసి అతని చెయ్యి పట్టుకుంది. డ్రిల్లు ఆగేదాకా వదల్లేదు. నేను చేసింది తప్పేనండీ అని చెప్పాలనిపించింది ఎల్డన్‌కు. కానీ ఆ సంగతి ఆమెకు తెలుసు. నిన్న క్లబ్బులో ముందు వరసలోనే కూర్చుంది. అందుకని అది మానేసి, ఆ చెయ్యి వెచ్చదనానికి, పక్కన గొడవ చేస్తున్న పద్నాలుగు మందికి, ఇంగ్లండులో ఆ కాగితం రాసిన ఎవరో తెలియని మాష్టారికి కూడా మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇవెట్ బోర్డుకు ఉత్తరం రాసి, పంపేముందు అతనికి చూపించింది. "మా బడిలో ఫిజిక్స్ తప్పకుండా ఉండాలి. తెర మీద కాదు, గదిలో. మా మాష్టారు సరిగ్గా చెప్పినప్పుడు పిల్లలకు మేలు జరుగుతుంది, తప్పు చెప్పినప్పుడు ఊరంతటికీ జరుగుతుంది" అని ఉంది.

"రెండో సగం తీసెయ్యొచ్చా మేడమ్?" అని అడిగాడు ఎల్డన్.

"వద్దు. అది చదివాకే వాళ్ళు ఒప్పుకుంటారు," అంది ఇవెట్. "ఈసారి తెలీకపోతే తెలీదని చెప్పండి. నేనూ అదే చెబుతుంటాను. నా ఉద్యోగం పోలేదు చూశారుగా."

బోర్డు ఒప్పుకుంది. ఊరు మాత్రం అంతటితో వదల్లేదు. సోమవారం ఒక ముసలావిడ ఫోన్ చేసి, మా ఇంటి నేలమాళిగలో కూడా ఒకసారి బరువు పడేసి చూస్తారా మాష్టారూ అని అడిగింది. బావులు కనిపెట్టడం తన టైమర్ల వల్ల కాదని, దానికి జోసెట్ గారి యంత్రం కావాలని ఎల్డన్ ఓపిగ్గా వివరించాడు. ఆవిడ అంతా విని, అయినా మీరొస్తే ధైర్యంగా ఉంటుంది, తియ్యటి బటర్ టార్టులు చేశాను అంది. కాదనలేక, డారియానూ ఒక టైమర్‌నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. కొలత తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. ఆవిడ తేలికపడి, టార్టుల డబ్బా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే పక్కింటివాళ్ళు పిలిచారు, వాళ్ళూ తినడానికి ఏదో చేసి ఉంచారు.

ఏప్రిల్ నెలాఖరుకు గ్రిఫిన్ లేక్‌లో నలభై ఒక్క నేలమాళిగల్లో గురుత్వాకర్షణ ఉండాల్సినంతే ఉందని తేలింది, ఎల్డన్‌కు మాత్రం చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.